పచ్చ టోపీ పెట్టుకున్న కుర్రాడు

మొన్న వేసవిలో అమెరికాలో మా చెల్లెలింటికి వెళ్లాను. వాళ్లుండేది మేరీలాండ్ రాష్ట్రంలో. మా చెల్లెలి కొడుక్కి పదిహేడు నిండి పద్దెనిమిది నడుస్తోంది. ఆరడుగుల పైన పొడుగు. వాడి గదిలో బట్టలన్నీ నేలమీదా, బాస్కెట్‌బాల్ మాత్రం మంచం మీదా ఉంటాయి. ఆ బట్టలు తీసి మడత పెడుతూంటే గోడమీద ఒక పాత ఫోటో కనిపించింది.

ఫోటోలో ఒక నల్లజాతి యువకుడు. నెత్తిన పచ్చ టోపీ. ముఖం నిండా నవ్వు. పీటల మీద కూర్చున్న పెళ్లికొడుకు ముఖంలో కూడా అంత వెలుగు ఉండదు.

"ఎవర్రా ఈ అబ్బాయి? ఏ టీములో ఆడతాడు?" అన్నాను.

"లెన్ బయస్, పెద్దమ్మా. ఏ టీములోనూ ఆడలేదు" అన్నాడు వాడు.

"మరి ఆ టోపీ?"

"అది బోస్టన్ సెల్టిక్స్ వాళ్లది. అది పెట్టుకుని రెండ్రోజులు కూడా తిరక్కుండానే చచ్చిపోయాడు."

చేతిలో చొక్కా చేతిలోనే ఉండిపోయింది. ఆ రాత్రి వాడు తన స్కూలు హిస్టరీ ప్రాజెక్టు తెచ్చి నా ముందు పెట్టాడు. హిస్టరీలో ఆటగాడి కథ ఏమిట్రా అనుకున్నాను. చదివాక, ఆ తర్వాత నేనూ నాలుగు పుస్తకాలు తిరగేశాక తెలిసింది - ఇది ఆటల పేజీలో వేసి ఊరుకోవలసిన కథ కాదని.

ముందు ఆట గురించి రెండు ముక్కలు చెప్పాలి. క్రికెట్ అయితే మనింట్లో పెసరట్టు తిరగేస్తూ కూడా స్కోరు చెప్పగలం గానీ, బాస్కెట్‌బాల్ అంతగా పరిచయం లేదు కదా! 1891లో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్లో జేమ్స్ నైస్మిత్ అనే మాస్టారు, చలికాలంలో బయట ఆడలేక విసిగిపోయిన కుర్రాళ్ల కోసం, పీచ్ పళ్లు పోసుకునే బుట్టల్ని బాల్కనీకి కొట్టించి అందులో బంతి వెయ్యమన్నాడు. అదీ ఈ ఆట పుట్టుక. సంవత్సరం తిరిగేసరికి సెండా బెరెన్సన్ అనే మాస్టారమ్మ దాన్ని ఆడపిల్లల కాలేజీలోకి తెచ్చింది. నేనూ మా హైస్కూలు సిమెంటు కోర్టులో చున్నీ నడుముకి బిగించి రెండేళ్లు ఆడినదాన్నే. బుట్ట పదడుగుల ఎత్తున ఉంటుంది. ఆ బుట్ట దాపుల్లో తచ్చాడుతూ, ఎదటివాళ్ల మధ్యనుంచి లేచి బంతి వేసేవాణ్ణి ఫార్వర్డ్ అంటారు. లెన్ బయస్ ఫార్వర్డు. ఎత్తు 6 అడుగుల 8 అంగుళాలు.

1963 నవంబరు 18న పుట్టాడు. ఊరు లాండోవర్, రాజధాని వాషింగ్టన్‌కి ఆనుకుని ఉన్న పేట. తండ్రి జేమ్స్ యంత్రాలు బాగుచేసే పనివాడు. తల్లి లొనీస్ బ్యాంకు ఉద్యోగిని. నలుగురు పిల్లల్లో లెన్ పెద్దవాడు. దైవభక్తి, క్రమశిక్షణ ఉన్న సంసారం. ఉన్నదాంట్లో సర్దుకుంటూ పిల్లలు పైకొస్తే చాలుననుకునే ఇలాంటి ఇల్లు మన వీధిలోనూ నాలుగుంటాయి.

1982లో ఇంటికి దగ్గర్లోనే ఉన్న మేరీలాండ్ యూనివర్సిటీలో చేరాడు. మొదటి సంవత్సరం ఆట అంతంతమాత్రం. సగటున ఆటకి ఏడు పాయింట్లు. తర్వాత ఏడు పదిహేను అయింది. ఆ పైన పంతొమ్మిదికి చేరువైంది. నాలుగో ఏడు 23 దాటింది. ఒక్కసారిగా మెరిసి అందర్నీ కంగారు పెట్టిన ప్రతిభ కాదు, మెట్టు మెట్టూ ఎక్కి వచ్చినది. అందుకే నాకా అంకెలు చూస్తే ముచ్చటేసింది.

1984లో ఆ యూనివర్సిటీ తన ప్రాంతపు పోటీలో కప్పు గెలిచింది. 1958 తర్వాత మళ్లీ అదే. డ్యూక్ యూనివర్సిటీతో జరిగిన ఫైనల్లో లెన్ ఒక్కడే 26 పాయింట్లు చేశాడు. 1985లోనూ, 1986లోనూ ఆ ప్రాంతంలో ఉత్తమ ఆటగాడు అతనే. నాలుగేళ్లలో మొత్తం 2,149 పాయింట్లు. ఆ యూనివర్సిటీలో ఆ రికార్డు 2002 దాకా ఎవరూ దాటలేదు. మైకేల్ జోర్డాన్ పేరు మనందరికీ తెలుసు కదా! అతనూ 1963లోనే పుట్టాడు, ఆ ప్రాంతపు కాలేజీల్లోనే ఆడాడు. వీళ్లిద్దర్నీ పక్కపక్కన పెట్టి ఎవరు గొప్ప అని ఇప్పటికీ వాదించుకునే పెద్దమనుషులున్నారు.

1986 ఫిబ్రవరి 20 నాటి ఆటను మా వాడు నాకు టీవీలో వేసి చూపించాడు. నార్త్ కరోలినా యూనివర్సిటీ అప్పుడు దేశంలో మొదటి స్థానంలో ఉంది. కొత్తగా కట్టుకున్న పెద్ద స్టేడియంలో అంతవరకూ ఓడలేదు. ఆట ఆఖర్లో లెన్ దూరం నుంచి ఒక బంతి వేశాడు. అవతలివాళ్లు ఆ బంతి లోపలికి విసరగానే లటుక్కున లాక్కుని, బుట్టకి వీపు పెట్టి గాలిలోకి లేచి, తల వెనకనుంచి బంతిని బుట్టలో కుక్కాడు. వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చిన మా చెల్లెలు కూడా "అమ్మో!" అంది. ఆ రాత్రి అతనివి 35 పాయింట్లు. మేరీలాండ్ 77-72తో గెలిచింది.

కాలేజీ చదువులయ్యాక ఆటగాళ్లని వృత్తి జట్లు వంతులవారీగా ఎంచుకునే పద్ధతొకటి ఉంది అక్కడ. దాన్ని డ్రాఫ్టు అంటారు. ఆ ఏడు అది జూన్ 17న న్యూయార్కులో జరిగింది. బోస్టన్ సెల్టిక్స్ అంటే అప్పుడు మాటలు కాదు. తొమ్మిది రోజుల కిందటే దేశపు ఛాంపియన్లయిన జట్టు. ఆ జట్టు రెండో వంతులో లెన్ బయస్ పేరు పిలిచింది. అప్పుడు పెట్టారు ఆ పచ్చ టోపీ.

మర్నాడు తండ్రితో కలిసి బోస్టన్ వెళ్లాడు. బూట్ల కంపెనీతో లక్షల డాలర్ల ఒప్పందం గురించి మాటలయ్యాయి. ఆ రాత్రికి విమానంలో తిరిగొచ్చి ఇంట్లోవాళ్లని చూసి, తన హాస్టలుకి పోయాడు. స్నేహితులున్నారు. సంబరం ఉంది. కొకైన్ ఉంది. 19వ తేదీ తెల్లవారి ఆరున్నర ప్రాంతంలో కుప్పకూలాడు. తొమ్మిది కాకముందే ఆస్పత్రి వాళ్లు ఇక లేడన్నారు. కొకైన్ వల్ల గుండె లయ తప్పి ఆగిపోయింది. వయసు ఇరవై రెండు.

నాలుగు రోజుల తర్వాత, ఏ కోర్టులో అతని ఆట చూసి జనం చప్పట్లు కొట్టారో అదే కోల్ ఫీల్డ్ హౌస్‌లో సంతాపసభ. పదకొండు వేల మంది వచ్చారట. బోస్టన్ జట్టు పెద్ద రెడ్ ఔర్‌బాక్ వచ్చి, లెన్ తొడుక్కోవలసిన 30వ నెంబరు పచ్చ బనీను తల్లి చేతిలో పెట్టాడు. కొడుకు ఒక్కసారి కూడా వేసుకోని బట్ట. దాన్ని ఆవిడ ఇంటికి తీసుకెళ్లి ఏ అరలో దాచుకుందో!

తప్పెవరిది అన్న ప్రశ్న వచ్చింది. స్నేహితుడొకడి మీద కేసు పెట్టారు. 1987లో జ్యూరీ నిర్దోషి అంది. యూనివర్సిటీలో పదిహేడేళ్లుగా ఉన్న కోచ్ లెఫ్టీ డ్రిసెల్ ఆ అక్టోబరులో పదవి వదులుకోవలసి వచ్చింది. ఈ గొడవలో మరో సంగతి బయటపడింది. నాలుగేళ్లు చదివినా లెన్‌కి డిగ్రీ రాలేదు. ఇంకా 21 క్రెడిట్లు తక్కువ. అంటే మన లెక్కలో ఏడాది చదువుకి కాస్త తక్కువ. పాయింట్లు లెక్కపెట్టినవాళ్లు వేలమంది ఉన్నారు గానీ ఈ లెక్క చూసినవాళ్లు లేరు. మనం మాత్రం తక్కువ తిన్నామా? పిల్లాడికి ర్యాంకు వస్తే వీధంతా స్వీట్లు పంచుతాం. హాస్టల్లో వాడు ఎవరితో తిరుగుతున్నాడో, రాత్రి నిద్రపోతున్నాడో లేదో అడగడానికి మొహమాటపడతాం.

ఇంతవరకూ ఒక ఇంటి విషాదం. ఇక్కణ్ణుంచి ఇది దేశచరిత్ర అయింది.

ఆ రోజుల్లో అమెరికా పట్టణాల్లో క్రాక్ అనేదొకటి కొత్తగా పాకుతోంది. క్రాక్ అంటే కొకైన్ పొడికే మరో రూపం, చిన్న రాళ్లలా ఉంటుంది. చవక. అందుకని పేద నల్లజాతి పేటల్లోకి ఎక్కువ దిగింది. పొడి ఖరీదు, అది డబ్బున్నవాళ్ల సరదా. లెన్ వాడింది పొడి. కానీ క్రాకే చంపిందని చాలామంది అనుకున్నారు. పేపర్లలో ఆ భయమే, టీవీలో ఆ భయమే.

దిగువసభ స్పీకరు టిప్ ఓనీల్‌ది బోస్టన్ ప్రాంతం. జులై 4 సెలవులకి సొంత ఊరు వెళితే, ఓటర్ల నోట ఒకటే మాట - మా బయస్ పోయాడు, మీరేం చేస్తున్నారు అని. ఆయన వాషింగ్టన్ తిరిగొచ్చి, మాదకద్రవ్యాల మీద గట్టి చట్టం వెంటనే కావాలన్నాడు. నవంబరులో ఎన్నికలు. రెండు పార్టీలూ నేను గట్టివాణ్ణంటే నేను గట్టివాణ్ణని పోటీ పడ్డాయి. శిక్షల సంగతి తెలిసిన నిపుణుల్ని పిలిచి నెమ్మదిగా వినే ఓపిక ఎవరికీ లేకపోయింది. లెన్ పోయిన నాలుగు నెలలకి, 1986 అక్టోబరు 27న, ప్రెసిడెంటు రీగన్ సంతకంతో చట్టం వచ్చేసింది.

చట్టంలో కొలతలున్నాయి. అమ్మకానికి సంబంధించిన కేసులో 500 గ్రాముల పొడి కొకైన్ దొరికితే కనీసం అయిదేళ్ల జైలు. అదే క్రాక్ అయితే 5 గ్రాములకే అయిదేళ్లు. మన వంటింటి భాషలో చెప్పాలంటే, డబ్బున్నవాడికి అరకిలోకి పడే శిక్ష పేదవాడికి ఒక్క చెంచాకే పడుతుంది. నూటికి ఒకటి. జడ్జీగారికి జాలి కలిగినా, కుర్రాడిది మొదటి తప్పే అయినా, మామూలుగా ఆ అయిదేళ్లూ తగ్గించడానికి వీల్లేదు. 1988లో ఇంకో చట్టం వచ్చి, 5 గ్రాములకు మించి క్రాక్ జేబులో ఉంటే చాలు, అమ్మకపోయినా అయిదేళ్లే అంది.

విచిత్రం చూశారా! పొడి వాడి పోయిన కుర్రాడి పేరు చెప్పి, క్రాక్ మీద వందరెట్ల దెబ్బ కొట్టారు. ఆ దెబ్బ తగిలింది ఎవరికి? లెన్ లాంటి పేటల్లో, లెన్ లాంటి ఇళ్లల్లో పుట్టిన కుర్రాళ్లకి. ఆ తర్వాతి సంవత్సరాల్లో ఫెడరల్ కోర్టుల్లో క్రాక్ కేసుల్లో శిక్షపడ్డవాళ్లలో పదింట ఎనిమిదిమందికి పైగా నల్లవాళ్లే. 1980లో పాతికవేల లోపు ఉన్న ఫెడరల్ ఖైదీలు 2013కి రెండు లక్షలు దాటారు. అంతా ఈ ఒక్క చట్టం వల్లేనని నేననను. కానీ వాళ్లలో దాదాపు సగం మంది మాదకద్రవ్యాల కేసుల మీద వచ్చినవాళ్లే.

ఆ ఖైదీలకీ తల్లులుంటారు. ఆదివారం పూట బస్సెక్కి వందల మైళ్లు వెళ్లి, అద్దం అవతల కొడుకుని చూసి, ఏడవకుండా నవ్వి, బస్సెక్కి మళ్లీ ఇంటికి వచ్చే తల్లులు. ఒక తల్లి దుఃఖం చూపించి చేసిన చట్టం ఇంతమంది తల్లుల ఇళ్లల్లో మంచాలు ఖాళీ చేసింది. ఆ తల్లి ఇలా చెయ్యమని అడిగిందా? పోనీ, ఎవరైనా ఆవిణ్ణి అడిగారా?

లొనీస్ బయస్ చేసిన పని వేరు. ఆవిడ బ్యాంకు ఉద్యోగం వదిలేసి స్కూళ్ల వెంట తిరిగింది. పిల్లల ఎదురుగా నిలబడి, మందుల జోలికి పోకండర్రా, మిమ్మల్ని మీరు విలువగా చూసుకోండర్రా అని చెప్పింది. తన కొడుకు బతికి చెయ్యగలిగిన దానికంటే పోయి ఎక్కువ మేలు చేస్తాడని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకం లేకపోతే ఆవిడ మర్నాడు పొద్దున్న మంచం మీంచి లేవగలిగేది కాదనుకుంటాను నేను.

దేవుడికి అదీ సరిపోలేదు. రెండో కొడుకు జే కూడా బాస్కెట్‌బాల్ ఆటగాడే. 1990 డిసెంబరు 4న, ఇంటికి దూరం కాని ఒక షాపింగు సెంటరులో, నగల దుకాణం దగ్గర ఎవడో వచ్చి నా భార్యవంక చూశావంటూ తగువు పెట్టుకున్నాడు. బయటికొచ్చాక కారులో ఉన్న జే మీద తుపాకీ కాల్చారు. ఇరవై ఏళ్లు. అన్నని తీసుకెళ్లిన ఆస్పత్రికే తమ్ముణ్ణీ తీసుకెళ్లారు. అన్నపక్కనే తమ్ముణ్ణీ పాతిపెట్టారు. నాలుగున్నరేళ్లలో ఇద్దరు!

ఇది చదివినప్పుడు మా చెల్లెలు లేచి అవతలికి వెళ్లిపోయింది. కాసేపటికి వంటింట్లో అవసరం లేకపోయినా గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపించింది.

లొనీస్ మాత్రం ఆగలేదు. ఒక కొడుకు కథ చెప్పే చోట ఇద్దరి కథా చెప్పింది. తండ్రి జేమ్స్ తుపాకుల అదుపు కోసం గొంతెత్తాడు. కసి తీర్చుకుందామని కాదు, ఇంకో ఇంటికి ఇలా జరక్కూడదని. ప్రభుత్వం దగ్గర తాళాలున్నాయి కాబట్టి తాళం వేసింది. ఈవిడ దగ్గర నోరొక్కటే ఉంది కాబట్టి పిల్లలతో మాట్లాడింది. ఈ రెండింట్లో ఏది ఎంతమంది పిల్లల్ని కాపాడిందో లెక్కకట్టడం నా వల్ల కాదు. కానీ మాట తప్పయితే మర్నాడు దిద్దుకోవచ్చు. చట్టం తప్పయితే దిద్దడానికి ఎన్నేళ్లు పట్టిందో చూడండి.

ఆ చట్టం రాయడానికి సాయపడిన ఎరిక్ స్టెర్లింగ్ అనే లాయరుగారే తర్వాత పశ్చాత్తాపపడి, దాన్ని మార్చాలని ఊరూరా చెప్పాడు. 2010లో ఒబామా ప్రెసిడెంటుగా ఉండగా 5 గ్రాములు 28 గ్రాములయ్యాయి. నూటికి ఒకటి పోయి పద్దెనిమిదికి ఒకటి అయింది. పాత చట్టం కింద అప్పటికే లోపలున్నవాళ్లకి కూడా ఆ తగ్గింపు వర్తిస్తుందని 2018 డిసెంబరులో మరో చట్టం చెప్పింది. వేలమంది ముందుగా ఇళ్లకి వచ్చారు. 1986 నుంచి 2018 దాకా ముప్ఫై రెండేళ్లు. నాలుగు నెలల తొందర ఖరీదు అది.

లెన్ పేరు యూనివర్సిటీ వాళ్లు చాలాకాలం ఎత్తడానికే ఇబ్బంది పడ్డారు. 2014లో తమ గౌరవ జాబితాలో చేర్చుకున్నారు. 2021లో దేశవ్యాప్త కాలేజీ బాస్కెట్‌బాల్ గౌరవమూ దక్కింది. తప్పుచేసి పోయినవాడికి గౌరవమేమిటని కొందరన్నారు. ఆ ఒక్క రాత్రి తప్పే. మరి మిగిలిన నాలుగేళ్లు? ఒక్క రాత్రితో మనిషి మొత్తాన్ని కొట్టేస్తే మనలో ఎవరం మిగులుతాం?

మా వాడు నన్ను ఆ యూనివర్సిటీ స్టేడియంకి తీసుకెళ్లాడు. పైన వేలాడుతున్న బనీన్లలో 34వ నెంబరు చూపించాడు. అది లెన్‌ది. వాడికి ఆ యూనివర్సిటీలోనే సీటొచ్చింది. ఆగస్టులో హాస్టలుకి వెళ్లాలి.

మా చెల్లెలు నెలరోజులుగా నన్ను పోరుతోంది. "నువ్వు రాస్తావు కదక్కా, నీ మాటంటే వింటాడు. కాస్త గట్టిగా చెప్పు. వారం వారం ఇంటికి రమ్మను, ఎవరితోనూ తిరగొద్దని ఒట్టు వేయించు" అని. మా మరిది అయితే ఏకంగా ఫోనులో వాడెక్కడున్నాడో కనిపెట్టే ఏర్పాటు పెడదామన్నాడు. తల్లిదండ్రుల భయం నాకు తెలియంది కాదు. అలాంటి భయమే కదా ఆనాడు వాషింగ్టన్‌లో చట్టమై కూర్చుంది!

నేను ఒట్టు వేయించలేదు. బయల్దేరే ముందు రాత్రి వాడి పెట్టె సర్దుతూ, "నీ గదిలో ఉండబోయే అబ్బాయి పేరేమిట్రా?" అన్నాను. చెప్పాడు. ఏ ఊరన్నాను. వాడికి ఏం ఇష్టమన్నాను. మాటలో మాటగా అసలు భయం కూడా చెప్పేశాను. "ఏదైనా జరగరానిది జరిగితే ముందు అంబులెన్సుకి ఫోన్ చెయ్యి, తర్వాత అమ్మకి చెయ్యి. తిడతారని మాత్రం ఆలస్యం చెయ్యకు. తిట్లు తర్వాత తీరిగ్గా తిందువు గాని" అన్నాను. వాడు నవ్వాడు. తర్వాత కాసేపు నవ్వలేదు. "సరే పెద్దమ్మా" అన్నాడు.

మా చెల్లెలు గుమ్మంలో నిలబడి అంతా వింది. లోపలికొచ్చి మంచం మీద కూర్చుంది. "ఇంకో అబ్బాయి పేరు కూడా చెప్పు" అంది వాడితో. వాళ్లిద్దరూ అలా మాట్లాడుకుంటూండగా నేను గోడమీది ఫోటో తీసి, పచ్చ టోపీ నలక్కుండా, రెండు దుప్పట్ల మధ్య పెట్టి పెట్టె మూసేశాను.